చీటీలో సోమవారం

పశువుల డాక్టరు చీటీ మీద రెండే ముక్కలు రాశాడు.
పదమూడో తేదీ సోమవారం, ఎనిమిదికల్లా.
ముందురాత్రి నుంచి మెతుకు పెట్టొద్దు.
దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని
ఎన్నాళ్ళుగానో మిర్చియార్డుకి పోయి వస్తున్నాను.
చెమటకి తేదీ కరిగిపోయింది,
వారం మిగిలింది.

రస్కు మా ఇంటికొచ్చి మూడేళ్ళు.
కొత్తపేటలో టీబంకు బల్ల కింద దొరికాడు,
టీలో ముంచి తీసిన రంగు.
సాయంత్రం నా చొక్కా వాసన చూసి
ఏడుసార్లు తుమ్ముతాడు,
మర్నాడు మళ్ళీ చూస్తాడు.
బుద్ధిమంతుడని బ్రాడీపేట నాలుగో లైనంతా అంటుంది,
ఏడాదిలో పదకొండు నెలలు.

చిత్తకార్తె వస్తే వాడు వాడు కాడు.
గోడ దూకాడు. గోడ మీద గాజుపెంకులున్నాయి.
మూడోనాడు తెల్లారుజామున వచ్చాడు
చెవి రెండుగా చీలి, ఒళ్ళంతా మురుక్కాలవ,
కళ్ళలో మాత్రం
ఎవరి పెళ్ళికో వెళ్ళొచ్చినవాడి నిద్రలేమి.
తిట్టలేకపోయాను.
పసుపు అద్దుతుంటే చెయ్యి నాకాడు.
ఆ రాత్రే మళ్ళీ గేటు గోకాడు.
ఇనుము మీద గోళ్ళ చప్పుడు,
ఎదురింటి ఇంటరు పిల్ల
పుస్తకం పెట్టి కిటికీ మూసిన చప్పుడు.

యార్డులో కాటా దగ్గర ఈ మాట ఎత్తితే
మస్తాన్‌వలి టిక్కీ మీద అలాగే కూలబడ్డాడు.
"మగపుటక పుట్టాడన్నా, ఆ ఒక్కటీ ఉండనీ."
కొట్టు గుమస్తా నా వంక జాలిగా చూశాడు,
ఆపరేషను నాకేనన్నట్టు.
నిజం చెప్పాలంటే
డాక్టరు "పావుగంట పని, రెండు కుట్లు" అన్నప్పుడు
నేనూ కాలు మీద కాలు వేసుకున్నాను.
ఆయన చూడనట్టే ఉన్నాడు.
రోజూ చూస్తూనే ఉంటాడు.

ఇంట్లో రోజూ ఇదే సభ.
కెజియా ఫోనులో చదివి వినిపిస్తుంది.
ఊరు తిరగడట, కాట్లాటలు తగ్గుతాయట, కాస్త ఒళ్ళు చేస్తాడట.
దేవుడిచ్చింది కొయ్యడానికి మనమెవరం అంది మా అమ్మ.
అని, కాసేపాగి,
"దుక్కికి కోడెలకి కొట్టించేవాళ్ళం కదూ" అని
తనలో తనే చిన్నబోయింది.

సలోమి గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ
ఇన్నాళ్ళూ ఒక్క మాటా అనలేదు.
నిన్న నేనే అడిగాను, నువ్వేమంటావని.

"వాడికి నోరు లేదని
ఇంతమంది కూర్చుని ఆలోచిస్తున్నారు.
నాకుంది నోరు.
కెజియా పుట్టిన నాలుగోరోజు
ఎవరన్నా అడిగారా?"

కోపంగా అనలేదు.
ఈనె తీసి పళ్ళెం అంచున పెట్టినట్టు
పక్కన పెట్టింది మాటని.

పెద్దాసుపత్రి, పొడుగు వరండా.
వరసగా చాపల మీద పదకొండు మంది ఆడవాళ్ళు,
అయిదోది సలోమి, పెదాలు ఎండిపోయి.
నేను బయట గోలీసోడా తాగి వచ్చాను.
వేలిముద్రకి సిరాడబ్బా తెస్తే
ఆవిడకి సంతకం వచ్చండీ అన్నాను, గొప్పగా.
ఆ రోజు ఆమె తరఫున నేను మాట్లాడింది అదొక్కటే.
మగవాళ్ళకీ చేస్తామని, నొప్పుండదని
గోడ మీద బొమ్మేసి రాసుంది.
ఆ గోడకే ఆనుకుని నిలబడ్డాను
మధ్యాహ్నం దాకా.

రాత్రి మెట్ల మీద కూర్చుంటే
రస్కు వచ్చి చీలిన చెవి వైపు తల
నా మోకాలి మీద పెట్టాడు.
ఏం చెయ్యమంటావురా అన్నాను.
తుమ్మాడు.

ఇవాళ ఆదివారం.
ఏ సోమవారమో చీటీలో లేదు గనక
రేపైనా సోమవారమే.
చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని
సలోమి వాడి గిన్నె కడిగి బోర్లించింది.
పక్కనే నా కంచమూ.
"తోడుండు" అంది.

వాడు గిన్నెని మూతితో నెట్టుకుంటూ
వసారా అంతా తిరుగుతున్నాడు,
ఏం తప్పు చేశానని.