రెండు, ఆగి, రెండు

సూర్ పట్నం సనయ్యల, అసర్ నమాజు అయినంక
ఖల్ఫాన్ తన తెల్ల పికప్ తెచ్చి నా షెడ్డు ముంగట ఆపిండు.
తొంభై రెండు మోడలు. వెనక మంచుపెట్టెలు,
తలుపు సందుల్ల ఎండిన చేప పొలుసులు మెరుస్తున్నయి.

"పగటిపూట మంచిగనే ఉంటది," అన్నడు,
"రాత్రయితెనే కాగుతది."

పక్క షెడ్డు కేరళాయన పకపక నవ్విండు.
నలభై ఎనిమిది డిగ్రీల ఎండల సల్లగ నడిచి
చీకటి పడంగనే కాగే బండి!
ఇప్పటికే ఒకాయన థర్మోస్టాట్ మార్చిండు,
ఇంకొకాయన రేడియేటరే మార్చిండు.
మూడో ఆయన ఏం మార్చలే:
మీటర్ల నడుమ వెలిగే ఇంజను బొమ్మ మీద
నల్ల టేపు ముక్క అతికిచ్చి
మూడు రియాళ్లు తీసుకున్నడు.

ఇబ్రా మార్కెట్‌కు పోయే తొవ్వల
ముల్లు ఎర్రగీత ఎక్కినప్పుడల్లా
ఖల్ఫాన్ బండి ఆపి, బానెట్ లేపి
గుట్టల నడుమ కూసుంటడట,
వెనక మంచు నీరయి కారే సప్పుడు ఇనుకుంట.

టేపు పీకిన.
డబ్బల రెండు పిన్నుల నడుమ సన్న తీగ వంచి పెట్టి
తాళం తిప్పిన.
రెండు మినుకులు. ఆగి, రెండు.
ఇరవై రెండు: నీళ్ల వేడి చెప్పే సెన్సరు.
తొందర ఉన్నోడు అదే మార్చి పంపుతడు.
కానీ ముల్లుకు ఒక సెన్సరు, కంప్యూటరుకు ఒక సెన్సరు,
ఒక్క నీళ్లల్ల మునిగి ఉన్నా
ఒకదాని ముచ్చట ఒకదానికి తెల్వదు.
రెండూ ఒక్కపారే అబద్ధమాడుతున్నయంటే
రెండిటి కింద ఏదో కదిలింది.

"లైట్లెయ్యి," అన్న.
వేసిండు. ముల్లు లేచింది.
ఆర్పిండు. పడ్డది.
మళ్ల వేసిండు, మళ్ల ఆర్పిండు,
అరవై ఏండ్ల మనిషి, పిల్లగాని తీరు.

షఫీక్ టార్చి పట్టిండు, మోచేతిలకు దగ్గుకుంట.
ఇంజను వెనక, బాడీకి బిగిచ్చిన ఎర్త్ పట్టీ
సముద్రపు గాలికి, చేపల నీళ్లకు
పచ్చగ చిలుము పట్టి, ఒక్క పోగు మీద ఏలాడుతున్నది.
గీకిన. కొత్త పట్టీ ఏసి బోల్టు బిగిచ్చిన.
గింతే పని.

లైట్లేసినా ముల్లు సగం కాడనే నిలవడ్డది.
ఇంజను బొమ్మ ఆరింది.
ఖల్ఫాన్ నా దిక్కు అనుమానంగ చూసిండు:
"బల్బు పీకినవా?"
తాళం ఆయన చేతిల పెట్టిన. తిప్పితే వెలిగింది,
స్టార్టు చేస్తే ఆరింది. మూడుసార్లు చూసుకున్నడు.
బోల్టుకు పైసలేందని అంటే
సంచిల వంజరం చేప పెట్టి పోయిండు.

షఫీకే వండిండు. రెండు ముద్దలు తిని లేచిండు.
"ఏసీ గాలి పడుతలేదు భాయ్," అన్నడు,
మూడు నెలల సంది అదే మాట.
నల్ల టేపు ముక్క ఇంకా నా అంగీకి అంటుకొని ఉన్నది.

లైటు ఆర్పినంక, గోడ అవతల దగ్గు.
రెండు. ఆగి,
రెండు.
ఈ నంబరు నా పుస్తకంల లేదు.