నవ్వు, లేదా దగ్గు

నా పేరు డోలరెస్ వానెటన్.
టేపులు విని టైపు చేయడం నా పని.
మోహాక్ నది ఇంకా గడ్డకట్టి ఉన్న ఒక మార్చి నెలలో
విచారణ సంఘం వాళ్లు మా గుమ్మంలో
పద్దెనిమిది పెట్టెలు దించి వెళ్లారు.
ఆ ఉదయం గగన రక్షణ గదిలో
ఎవరు ఎవరితో ఏమన్నారో అంతా వాటిలో ఉంది.

నియమం ఒకటే: విన్నది రాయాలి,
అనుకున్నది రాయకూడదు.
కుర్చీ కిర్రుమంటే, కుర్చీ కిర్రుమందని.
నాలుగు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే
నాలుగు సెకన్లు, అని.

అప్పటికే వాదం ముదిరి పాకాన పడింది.
మాకు చెప్పలేదంటారు సైన్యం వాళ్లు.
చెప్పాం, మీరే వినలేదంటారు విమానయానం వాళ్లు.
ఒకరి గడియారంలో ఏడూ యాభై ఒకటి,
ఇంకొకరి గడియారంలో ఏడూ యాభై ఆరు.
మధ్యలో ఆ ఐదు నిమిషాల్ని
వేడి బంగాళాదుంపలా విసురుకున్నారు,
ఎవరి ఒళ్లోనూ పడనివ్వకుండా.

రాడార్లన్నీ సముద్రం వైపే చూస్తున్నాయి,
వీధి గేటుకు మొహం పెట్టిన కాపలా కుక్కల్లా.
పెరటి తలుపు ఒకటుందని వాటికెవరూ చెప్పలేదు.
రెండు యుద్ధ విమానాలు లేచిన మాట నిజమే.
ఎటు పోవాలో చెప్పే గొంతు లేక
నీళ్ల మీదికి పోయి గిరికీలు కొట్టాయి.
కింద చేపల పడవ వాళ్లు తలెత్తి చూశారట.
ఒకతను టోపీ తీసి ఊపాడట.

పదకొండో పెట్టె, రెండో టేపు.
విమానం హైజాకయిందని ఫోను.
ఓ కుర్ర గొంతు: "నిజంగానా, డ్రిల్లా?"
ఆ వారమంతా డ్రిల్లే మరి వాళ్లకి.
ఆ వెంటనే ఒక శబ్దం.
సెకనులో సగం కూడా ఉండదు.
నేను టైపు చేశాను: నవ్వు.

గొంతు ఎవరిదో తేలింది.
సార్జెంట్ ఎమెట్ లాస్కౌస్కీ, ఇరవై రెండేళ్లు.
పోయినవాళ్ల తరఫు వకీలు
నా మాట కింద ఎర్రగీత గీశాడు:
మనుషులు కాలిపోబోతుంటే వీళ్లు నవ్వారు.
సైన్యం వకీలు నాకు ఫోను చేశాడు, తేనె గొంతుతో:
అది దగ్గు కావచ్చు కదా, మేడమ్?

నలభై ఒక్కసార్లు విన్నాను.
పొద్దున వింటే నవ్వు. రాత్రి వింటే దగ్గు.
ఇంకెవరికీ వినిపించకూడదు.
మా పిల్లి మాత్రం ఒకసారి చెవి తిప్పింది, అంతే.
చివరికి కొట్టేసి రాశాను: అస్పష్టం.
ఎవరినీ ఉరి తీయని మాట.
ఎవరినీ విడిచిపెట్టనిది కూడా.

నివేదికలో అది మూడువందల పన్నెండో పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.
జనరళ్లు పింఛను పుచ్చుకున్నారు,
ఒకాయనకి పతకం కూడా.
ఐదు నిమిషాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

తొమ్మిదేళ్ల తర్వాత, ఒక శనివారం,
సరుకుల కొట్టులో, ఉప్పు దోసకాయల వరసలో
నా ముందున్నతని మోచెయ్యి తగిలి
అంచు నుంచి ఒక సీసా జారింది.
అది నేలను తాకకముందే,
అతని చెయ్యి లేచీ లేవకముందే,
గొంతులోంచి వచ్చింది ఆ శబ్దం.
గ్యాస్ కంపెనీ చొక్కా, జేబు మీద కుట్టిన పేరు.
చదవాల్సిన పని లేకపోయింది.

పెంకులు ఏరడానికి ఇద్దరం వంగాం.
"నా తప్పే," అన్నాడు, ఎవరూ అడగకుండానే.
పద్దెనిమిది పెట్టెల్లో ఎక్కడా
ఆ రెండు మాటలు నేను టైపు చేయలేదు.
కొట్టు కుర్రాడు తడిగుడ్డ తెచ్చాడు.
ఇంటికొచ్చి ఎంత కడుక్కున్నా
చేతులు వెనిగర్ వాసన.