పెడచెవి

సరిగ్గా నలభై నిమిషాలు.
ఆ తర్వాత దగ్గి, వణికి, ఆగిపోతుంది.
ఎర్ర బుడ్డిదీపం మూడుసార్లు మిటకరిస్తుంది.
దాని భాషలో అది వేడెక్కానని చెప్పడం.

ఏప్రిల్ దాటుతోంది. చలికాలం గడపడానికొచ్చిన బళ్లన్నీ
ఉత్తరానికి తిరిగి వెళ్లిపోయాయి.
క్వార్ట్జ్‌సైట్ బయటి గులకరాళ్ల మైదానంలో
మిగిలింది మా మోటర్‌హోమూ,
అరమైలు అవతల టాచో ట్రైలరూ,
చేతులెత్తేసిన సగువారో మొక్క ఒకటీ.
మధ్యాహ్నానికి నూట నాలుగు డిగ్రీలు.
ఏసీ ఆగితే ఆ రేకుడబ్బాలో మేమిద్దరం
మూతపెట్టి ఉడికిస్తున్న బంగాళాదుంపలం.

ఆర్డిత్ మొదటిరోజే అంది:
"దానికి ఊపిరాడటం లేదు, వెండెల్."
ముప్పై ఏళ్లు బడిపిల్లల చేత పాటలు పాడించిన మనిషి.
ఏ గొంతు ఎక్కడ బిగుసుకుంటోందో
వీపు తిప్పి నిలబడి కూడా చెప్పగలదు.
నేను ముప్పై ఎనిమిదేళ్లు లారీ తోలినవాణ్ణి.
ఇంజన్ల సంగతి నాకు చెబుతావా, అనలేదు గానీ
అన్నట్టే రెంచి అందుకున్నాను.

ఆయిల్ మార్చాను. పాతది తారులా ఉంది, మాడు వాసన.
దొంగ దొరికాడనుకున్నాను. నలభై నిమిషాలు.
గాలి ఫిల్టర్ దులిపితే సగం అరిజోనా రాలింది.
నలభై.
స్పార్క్ ప్లగ్గు. పొగగొట్టం.
టాచో పికప్ అడిగి తీసుకుని బ్లైత్ దాకా వెళ్లి
నూట పది డాలర్ల సెన్సర్.
నలభై ఒకటి. ఆ ఒక్క నిమిషానికే
సిగ్గులేకుండా పండగ చేసుకున్నాను.

ప్రతిసారీ కిటికీలోంచి ఆమె ఏదో అంటూనే ఉంది.
నా ఎడమచెవి మిషను నవంబరులో పోయింది.
తుడిచి పారేసింది నువ్వేనని
రెండు రోజులు మాట్లాడలేదు అప్పట్లో.
మిషను పెట్టిన కిటికీగట్టు మీద ఆ ఉదయం
చోయా జెముడు తునక ఒకటి పడి ఉంది, ముళ్లతో సహా.
గాలికొచ్చిందిలే, అన్నాను.
కిటికీ తెరకు మూల చిరిగిందని ఆమె చూపించింది.
నేను చూడలేదు.

నాలుగో రోజు టాచో వచ్చాడు.
యూమాలో లెట్యూస్ లారీలు బాగుచేసి చేసి నడుం వంగినవాడు.
నన్ను కాదు, ఆమెను అడిగాడు:
"ఎలా అరుస్తోంది?"
"మొదట బానే పాడుతుంది. పావుగంటకి
శ్రుతి పైకి జారుతుంది. ఆఖర్న
నోట్లో గుడ్డ కుక్కినట్టు."
తలూపి, వెల్లకిలా పడుకుని
ఫ్యాన్ మీది రేకు విప్పాడు. ఎనిమిది బోల్టులు.
నాలుగు రోజుల్లో నేను ముట్టనివి ఆ ఎనిమిదే.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు.
మాకు ఎలుకా దొరకలేదు. దాని ఇల్లు దొరికింది.
సిలిండర్ చుట్టూ రెక్కల సందుల నిండా
క్రియోసోట్ పుల్లలు, ముళ్లు,
మా సీటులోంచి పీకిన స్పాంజి,
సీసా మూతలు, టాచో కిందటేడు వెతుక్కున్న తాళంచెవి.
అంచులు మాడి నల్లబడ్డాయి.
అంటుకోలేదు, అంతవరకూ అదృష్టం.
అన్నిటికీ అడుగున, వేరుశనగ గింజంత,
కరిగి ఒకవైపు సాగిపోయిన ప్లాస్టిక్ ముక్క.
నా చెవి.

"ఈ ఎలుక జాతి దొంగది కాదు," అన్నాడు టాచో.
"ఒకటి పట్టుకుపోతే, నోట్లోది అక్కడ పెట్టిపోతుంది."
ఆర్డిత్ ఏమీ అనలేదు.
ఆ అనకపోవడం మాత్రం
మిషను లేకుండానే వినిపించింది.

రెక్కలు బ్రష్‌తో తోమాం. గాలికన్నానికి
ఇనపజల్లెడ కొట్టాం. రేకు నేనే బిగించాను.
నలభై. ఊపిరి బిగబట్టాను. యాభై. గంటా పది.
టాచో తాళంచెవి జేబులో వేసుకుని
వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయాడు.

కిటికీలో ఆర్డిత్ పెదాలు కదిలాయి.
అలవాటుగా తలూపబోయాను.
ఆగి, చేతులు తుడుచుకుని
దగ్గరికెళ్లి కుడిచెవి పెట్టాను. "మళ్లీ చెప్పు."

"ఏడే బిగించావు," అంది.
"ఎనిమిదోది గిలగిల్లాడుతోంది."