తూకం మధ్యలో

చీమకుర్తి దాటాక ఎడంచేతి మలుపులో
మా కాటా గది.
పది నిమిషాలు లారీ రాకపోతే చాలు
కంప్యూటర్ కళ్లు మూస్తుంది.
పెట్టె మూల కందిగింజంత దీపం మాత్రం
వెలుగుతూ, ఆరుతూ, మళ్లీ వెలుగుతూ,
పడుకున్న కుక్క
ఒక్క చెవి కదిలించినట్టు.

లోపల పలక మీద ఉన్నవన్నీ
నీళ్లతో రాసిన రాతలట.
రెప్పపాటుకోసారి దిద్దుతూ ఉండకపోతే
ఆరిపోతాయట.
దిద్దడానికే ఆ చిటికెడు కరెంటు.
ఈ సంగతి చెప్పింది మస్తాన్‌వలి,
ఒంగోలు నుంచి స్క్రూడ్రైవరూ వక్కపొడి పొట్లమూ
ఒకే జేబులో వేసుకొచ్చి.
మార్కాపురం పలకల మధ్య పెరిగిన మనిషి,
ఏం చెప్పినా పలకతోనే మొదలు.

అతన్ని పిలిపించాల్సి వచ్చింది
మొన్న శనివారం రాత్రి మూలాన.
కాటా మీద నల్లరాయి లారీ.
ముప్పై ఎనిమిది టన్నుల ఆరొందల నలభై.
అంకె తెర మీద పడింది, చీటీ ఇంకా రాలేదు.
డ్రైవరు పెంచలయ్యతో చిల్లర తగువు సాగి సాగి
అది నిద్రపోయింది.
నిద్రలో ఉండగా కరెంటు పోయింది.
యూపీఎస్ రెండుసార్లు కూసి చచ్చింది.

తిరిగి లేచాక
ఏ లారీ, ఎక్కడి లారీ అన్నట్టు
ఖాళీ తెర.
లారీ మాత్రం కాటా మీదే ఉంది, కొండలాగా.
"ఏందబ్బా, ఇంత బండి కనపళ్లేదా దీనికి?"

"ఇంకో నిద్ర ఉందిలే, హైబర్నేటు" అన్నాడు మస్తాన్‌వలి.
శీతనిద్ర అంటారట పుస్తకాల్లో.
చీమకుర్తిలో శీతమేంది సామీ,
క్వారీ గుంట అర్ధరాత్రి కూడా సెగలు కక్కుతుంటే!
అతను నవ్వి కిటికీలోంచి గుంటవైపు చెయ్యి చూపించాడు.
"పలక మీది రాతంతా రాతి మీద చెక్కుకుంటుంది.
చెక్కడం అయ్యాక ఆ దీపం కూడా ఆర్పేస్తుంది.
ఇక కరెంటు నెల్లాళ్లు రాకపోనీ.
ముందు మేస్త్రీలా కేకేస్తుంది,
ఎక్కడి పని అక్కడ ఆపండెహె అని.
ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండాల.
ఒక్క మొండోడు వినకపోతే
ఆ పూట ఎవరికీ నిద్ర లేదు."
మా ప్రింటరు వైపు చూసే అన్నాడా మాట.

ఎత్తిన సుత్తి అనగానే
నాకు డ్రిల్లరు చెంచయ్య గుర్తొచ్చాడు.
పోయిన ఎండాకాలం రాయి జారి తలకు తగిలి
పదకొండు రోజులు ఒంగోలు ఆసుపత్రిలో
కన్ను తెరవలేదు.
రాయి తగిలేముందు నాతో అంటున్న మాట,
"అబ్బయ్యా, నా టీ..."
పన్నెండో పొద్దున నర్సు కిటికీ తెర లాగుతుంటే
కళ్లు తెరిచి
"...చల్లారిపోయిందా?" అన్నాడు.

ఆ సగం మాట
ఎవరు చెక్కి దాచారో, ఏ రాతి మీదో.

అన్నీ లేవలేదు.
ఇంకా శనివారమే అనుకున్నాడు.
ఎడమచేతి వేళ్లు రెండు ఇప్పటికీ నిద్రలోనే.
ఇదీ అంతే.
లేస్తూనే గడియారం చూసుకుని ఉలిక్కిపడి
దాటిపోయిన గంటలన్నీ ఒక్క అంగలో దాటుతుంది.
ప్రింటరు లేవదు,
వైరు పీకి మళ్లీ పెట్టాలి.

ఇప్పుడు మా కాటాకి చెంచయ్యే కాపలా.
మస్తాన్‌వలి మార్చిపోయిన లెక్క ప్రకారం
అరగంట దాటితే కందిగింజ కూడా ఆరిపోతుంది.
మొదటి రాత్రి చీకట్లో గుమ్మం దగ్గర్నుంచి
"పోయిందా?" అని అడిగాడు.
"చెక్కుకుంది" అన్నాను.
ఏమర్థమైందో, తల ఊపాడు.
అయినా నమ్మకం కుదరక నేను
అంకె పడగానే అరచేతి మీద రాసుకుంటున్నా.

రెండున్నరకి మలుపులో హెడ్‌లైట్లు.
మీట నొక్కాను.
రాతి మీంచి ఒక్కో గీతా పలక మీదికి ఎక్కించుకుంటోంది,
తొందరేం లేదు.
చెంచయ్య గేటు తియ్యడానికి లేచాడు.
అతని టీ గ్లాసు మీద
సాసరు బోర్లించి పెట్టాను.