సరిపడా

హెస్టర్ లోమాస్ గారూ,
డెర్బీషైర్ కొండ కింది మా చర్చిలో
పాత సామాన్లు అమ్ముతుంటే
రెండు పౌండ్లకు మీ లెక్కల పుస్తకం దొరికింది.
వెయ్యిన్నీ ఏడువందల అరవై ఎనిమిది.
కొవ్వొత్తుల ఖర్చుకూ కుక్కకాటు మందుకూ నడుమ
ఎలుక కొరికిన పేజీలో
అక్టోబరు ఏల్ కాచే పద్ధతి:
పదకొండు వాక్యాలు,
నాలుగు చోట్ల "సరిపడా".

సరిపడా మాల్ట్, సరిపడా హాప్ పూలు.
ఎవరికి సరిపడా, అమ్మా?
నలభై ఏళ్ళు బాయిలర్లు బాగుచేసినవాణ్ణి,
బిగించే ప్రతి నట్టుకూ ఒక అంకె ఉండే లోకం నాది.
మీరేమో, నీళ్ళు మరిగాక మంట తీసేసి
"నీ మొహం నీకు కనపడేదాకా ఆగు"
అని రాసి ఊరుకున్నారు.

మొదటి విడత పులిసి వెనిగరైంది.
రూబార్బ్ మొక్కల మొదట్లో పోశాను,
అవీ మొహం చాటేశాయి.
రెండోసారి మీలాగే ఓక్ కట్టెల మీద మాల్ట్ వేయించబోతే
పొగ గోడ దాటి వెళ్ళి
మిసెస్ స్ప్రాగ్ ఆరేసిన దుప్పట్లలో కాపురం పెట్టింది.
ఆవిడ అప్పట్నుంచీ నాతో
వాతావరణం గురించి తప్ప మాట్లాడదు,
అదీ వానరోజుల్లోనే.
మూడోసారి అర్ధరాత్రి సీసాలు పేలాయి.
గారేజీలో యుద్ధం వచ్చిందనుకుని
మా ముసలి కుక్క మంచం కిందికి దూరి
మర్నాటిదాకా బయటికి రాలేదు.

ఈస్టును పూర్వం "దేవుడి మంచితనం" అనేవారట.
ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు,
వస్తే నురగ, రాకపోతే కుడితి.
నా దేవుడి మంచితనం పోస్టులో వచ్చింది,
వెండిరంగు పొట్లంలో,
గడువు తేదీతో సహా.

అప్పుడు చూశాను. పేజీ అంచున, వేరే సిరాతో,
చీమ బారులా చిన్నగా:
"ప్రూడెన్స్‌కు జ్వరం. మూడో కడుగు ఇచ్చాను."

మూడో కడుగు.
దానికోసం పుస్తకమంతా వెతికాను. లేదు.
ఉండదు మరి.
అవే గింజలు మూడుసార్లు తడిసేవి:
మొదటి చిక్కటిది దొరగారి పీపాల్లోకి,
రెండోది గుర్రాల కాపర్లకు,
పిప్పిలో ఆఖరున మిగిలిన తీపి
బట్టలుతికే పిల్లలకు, బహుశా మీకు.
దొరగారిది రెండేళ్ళు నిలవుండాలి, కాబట్టి రాశారు.
రోజూ తాగేదాన్ని ఎవరు రాసుకుంటారు?
టీ ఎలా కాస్తానో నేనూ ఎక్కడా రాయలేదు.

అందుకని ఈసారి
మొదటి రెండు కడుగులూ పక్కకు వంపేసి
రాగి డేగిసాలో మళ్ళీ నీళ్ళు మరిగించి
మంట తీసి, మీ మాట ప్రకారం నిలబడ్డాను.
ముందు ఆవిరి తప్ప ఏమీ లేదు.
తర్వాత గారేజీ కప్పు, వేలాడే సైకిల్ చక్రం.
తర్వాత మెల్లగా,
అడుగునుంచి ఎవరో లేచి వస్తున్నట్టు
రెండు చెవులు, మా నాన్న ముక్కు,
మూడ్రోజుల గడ్డంతో నేను.
ఆ పెద్దింట్లో మీ గదికి అద్దం ఉండేదా, హెస్టర్ గారూ?
లేక ఇలాగే చూసుకునేవారా,
కాచిన రోజున, ఒక్క క్షణం,
గింజల మీద నీళ్ళు పొయ్యాల్సిన తొందరలో?

పదిరోజులకు గ్లాసులో పోసుకున్నాను.
పలచన. కాస్త పొగ, కాస్త మాడిన రొట్టె అంచు,
వాన వెలిశాక గడ్డివాము.
ఇదే మీ రుచి అని చెప్పగల నాలుక
భూమ్మీద ఒక్కటీ మిగల్లేదు,
కాదనడానికీ ఎవరూ లేరు.
ఒక జగ్గెడు గోడ మీదుగా మిసెస్ స్ప్రాగ్‌కు అందించాను.
గుక్కెడు తాగి, పెదవులు తుడుచుకుని,
"జ్వరంవాళ్ళకు మంచిది" అంది.
పేజీ ఆవిడ చూడలేదు.
ఆ రోజు ఎండ కాస్తోంది కూడా.

ఒక సంగతి మీ దగ్గర దాచను.
మొహం కనపడగానే
థర్మామీటరు ముంచి చూశాను.
డెబ్బై ఆరు.
మీ మీద నమ్మకం లేక కాదు,
చేతి అలవాటు.