ముద్ర లేని పెట్టె

దేవరకొండ బస్టాండు ఎనక
ఒకే షట్టర్ కింద సగం నాది, సగం అంజుంది.
నేను కాలిన మోటర్లకు రాగితీగె చుడ్త.
ఆమె అగ్గిపెట్టెంత బోర్డుల మీద సీసం కరగబెడ్తది.

ఇద్దయ్య బత్తాయి తోట కోసం చేసింది ఆ పెట్టె.
ఊరి నుంచి బోరు కాడికి కిలోమీటరున్నర.
పోయిన కార్తీకంల స్టార్టర్ డబ్బాల చెయ్యి పెడితే
మెత్తగ తగిలిందట.
అప్పటిసంది చీకట్ల మోటరెయ్యడు.

రేడియోను నడిపే సాఫ్ట్‌వేర్ ఉత్తగనే దొరికింది.
ఏ దేశపోళ్లో రాసి, తలుపు తీసి పెట్టిన్రు:
వాడుకో, ఇప్పి చూసుకో, మార్చుకో.
అంజుం ఒక్క వరుస కలిపింది.
వోల్టేజి మూడొందల యాభై దాటలేదా, జర ఆగు.
మా దిక్కు కరెంటును ఎరిగినోళ్లు రాసే వరుస అది.

బోర్డు పదమూడొందలకు అమ్ముదామనుకున్నం.
ముద్ర లేకుంట గాలిల మాట పంపొద్దన్నరు.
ల్యాబు నుంచి కాయితమొచ్చింది:
మూడు లక్షల ఎనభై వేలు.
మాకున్నయి నలభై ఆర్డర్లు.
అంజుం అట్టముక్క మీద భాగించింది.
ఒక్కో బోర్డు నెత్తిన తొమ్మిదిన్నర వేలు.
కింద సన్నక్షరాలల్ల ఇంకోటి:
సాఫ్ట్‌వేర్ల ఒక్క వరుస మారినా
పరీక్ష మళ్ల మొదటికెల్లి.

నేను తిట్టిన. ఆమె తిట్టలే.
"మన సిగ్నల్ పోయి పక్క పొలపాయన మోటరాపితే?
కొలవాల్సిందే భయ్యా.
తక్కెడే మన దుకాణం కన్న పెద్దగుంది, గంతే."

ఆఖరికి హైదరాబాదుకెల్లి
ముద్రున్న రేడియో ముక్కలు తెచ్చినం.
నున్నటి రేకు మూత, దాని మీద నంబరు,
లోపలి సాఫ్ట్‌వేర్‌కు తాళం.
ఆన్ అంటే ఆన్. ఆఫ్ అంటే ఆఫ్.
ఆగు అనుడు దానికి రాదు.
చెప్పనీకె పక్కన ఇంకో చిప్పు పెట్టాలె,
దానికి ఇద్దయ్య కాడ పైసల్లెవ్వు.

మృగశిర ఎల్లిన మూడోనాడు
ఇద్దయ్య ట్రాలీల మోటరేసుకొచ్చిండు.
ఇప్పంగనే వాసన. తీగెంత బొగ్గు.
తక్కువ కరెంటుకు గుంజి గుంజి కాలింది.
వైండింగ్ ఆరువేల రెండొందలు.
పైసలు లెక్కపెడుతున్నంత సేపు
అంజుం దిక్కు చూడలేదు నేను.

ఆమె మొదటి బోర్డు ఇంక షెల్ఫు మీదనే ఉంది.
గాలిలకు ఏం పంపదు.
పొద్దుగూకి కరెంటు దిగినప్పుడల్ల
నా ఫ్యాను నెమ్మదైతది,
దాని ఎర్రలైటు ఎలుగుతది.
"అదేందమ్మా?" అన్నడు ఇద్దయ్య.
అంజుం తల ఎత్తకనే
"ఉత్తదే కాకా" అన్నది.