ఎడమ మర

మూడు వారాలుగా నా సైకిలుకు నడుము లేదు.
హ్యాండిలుంది, సీటుంది,
చక్రాలు గాలితో బిగిసి ఉన్నాయి.
పెడళ్లు తిరగాల్సిన చోట మాత్రం
రూపాయి బిళ్లంత కన్నం.
ఒక కన్ను మూసి చూస్తే
అవతల గ్యాసు సిలిండరు
ఎర్రగా, చాలా దూరంలో ఉన్నట్టు.

విల్సన్ గార్డెన్ గుజరీలో తూకానికి కొన్నాను దీన్ని.
కిలో ముప్పయ్యారు.
పేరు చెరిగిపోయింది. సీటు కింద ఆరంకెలు మిగిలాయి,
ఎవరూ ఫోన్ చెయ్యని నెంబరులా.

కొత్త క్రాంకు తెప్పించాను. అల్యూమినియం.
పెళ్లిలో పెట్టిన కంచంలా తళతళ.
దాని ఇరుసు కొసలు నలుపలక.
నా పాత ఇరుసు గుండ్రం,
పక్కన చిన్న గంటు, గంటులో మేకులా దిగే కాటర్ పిన్ను.
గుండ్రంలో నలుపలక దూరదని
ఒకటో క్లాసు చెక్కబొమ్మలు చెప్పనే చెప్పాయి.
డబ్బు కట్టాక గుర్తొచ్చింది.

కలాసిపాళ్యంలో, టైర్ల కొట్టుకీ టీ కొట్టుకీ నడుమ
మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందులో
మునివెంకటప్ప.
కొత్త కప్పు వేళ్లతో తిప్పి చూశాడు.
ఒక చుట్టు. రెండు. మూడో చుట్టుకి ఆగింది.
"బలవంతం చేస్తే పోతాదమ్మా.
పోయినాక రాదు."

పేలదువ్వెనలాంటి గేజి ఒకటి తీసి
మర మీద ఆనించి వెలుతురుకు పట్టాడు.
నా ఫ్రేముకు అంగుళానికి ఇరవయ్యారు చుట్లు.
నేను తెచ్చిన దానికి ఇరవై నాలుగు.
"చుట్టరికం మాదిరే ఉంటాది చూసేకి.
చుట్టు కలవాల గదా."

రేకు డబ్బాలు బోర్లించాడు.
బిస్కెట్ల డబ్బాలో ఇరుసులు,
హార్లిక్స్ సీసాలో గుండ్లు, గ్రీజులో మునిగి.
ఎవరెవరి సైకిళ్లవో,
ఎవరెవరి కాళ్లు తిప్పినవో.
ఒక్కో ఇరుసూ నా పాతదాని పక్కన నిలబెట్టి
గుండ్లు పరిగెత్తే గాడి నుంచి గాడికి
గోరుతో కొలిచి పక్కన పెట్టేశాడు.
ఆరోది కాదు, ఏడోది కాదు.
పదకొండోదాన్ని చూసి ఏమీ అనలేదు,
లుంగీ అంచుతో తుడిచాడంతే.

"ఎడమ మోకాలు నొస్తాదా?"
నేను చెప్పలేదు.
ఆసుపత్రిలో ఫోటో తీసి దానికో పేరు పెట్టారు,
ఎనిమిది వేలు.
ఈయన నేను మెట్టు దిగడం చూశాడు.
జానెడుకు రెండు వేళ్లు తక్కువ క్రాంకు తీసి
"పొట్టిది వేసుకో. మోకాలు అంత పైకి లేచే పనుండదు."

అప్పుడడిగాను, కుడి కప్పు మాటేమిటని.
మూడు వారాలు సుత్తితో, కిరసనాయిలుతో,
పై ఇంటి ప్రమీలక్క ఇచ్చిన పైపు రెంచితో
తీయబోయాను, అరచేయి బొబ్బలెక్కింది.
నవ్వలేదాయన. వేలితో గాలిలో సున్నా చుట్టి చూపించాడు.
"కుడి పక్క ఎడమ మర.
నువ్వు విప్పినంత సేపూ బిగించినావు."

లోపల వేలు పెట్టి తడిమాడు.
"బాగుండాది. నున్నగా ఉండాది.
దీన్ని తీసే పనే లేదు."

పక్కకు పదకొండు గుండ్లు.
చిన్నోడు ఇంతియాజ్ లెక్కపెడుతుంటే
ఒకటి జారి కాలవలో పడింది.
మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు,
పడిపోయినదాన్నీ కలిపి, పెదవులు కదుపుతూ.

మినర్వా సర్కిల్ దాటి లాల్‌బాగ్ గోడ వెంట
ఎత్తు మీద తొక్కుకుంటూ వచ్చాను.
మోకాలు ఏమీ అనలేదు.
చుట్టుకోసారి మాత్రం ఎడమ వైపు
టక్.
పిన్ను ఇంకొంచెం అరగదీయాలట, రేపు రమ్మన్నాడు.

అల్యూమినియం క్రాంకు అట్టపెట్టెలోనే ఉంది.
వాపసు గడువు నిన్నటితో అయిపోయింది.